గ్రూపు ప్రాజెక్టులో మాట ఎవరి వంతు?

హైదరాబాద్‌లో ఉప్పల్ చౌరస్తా నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి దాటి పోచారం చేరేలోపు, ‘ఇంగ్లీషు మీడియం’ అని రాయని బడి బోర్డు కనబడాలంటే వెతుక్కోవాలి. 2022-23 నుంచి ప్రభుత్వ బడులు కూడా ఆ వరసలో చేరాయి. ప్రభుత్వ బడుల్ని బాగుచేసే ‘మన ఊరు - మన బడి’ పథకం వచ్చిన ఏడాదే ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. ఒక పక్క పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్, ఉప్పల్‌లో జెన్‌పాక్ట్, యమ్నంపేట, ఘట్‌కేసర్ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు. ఇంకో పక్క నాచారం, మల్లాపూర్, చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలు. ఇంగ్లీషు వస్తే ఏ గేటు లోపలికి పోవచ్చో, రాకపోతే ఏ గేటు బయట నిలబడాలో ఇక్కడి తల్లిదండ్రులకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఈ చుట్టుపక్కల ఏదో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిదో తరగతి గదిని ఊహించుకోండి. చిన్న తరగతులు ప్రైవేటు బడిలో చదివి, కరోనా రోజుల్లో ఫీజు కట్టలేక ఇటు మారిన అమ్మాయి ఉంటుంది. నల్గొండ వైపు పల్లెలో తెలుగులో చదువుకుని, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా కుదిరిన తండ్రి వెంట వచ్చిన అబ్బాయి ఉంటాడు. బిహార్ నుంచో ఒడిశా నుంచో ఫ్యాక్టరీ పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు ఉంటారు. వాళ్ళకు హిందీ ధారాళం, తెలుగు ఆటల్లో అబ్బినంత, ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేటంత. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు సరేసరి. వీళ్ళందరికీ ఒకటే పుస్తకం, ఒకటే పీరియడు, ఒక్క టీచరు. ట్రైనింగుల్లో దీన్ని ‘మిక్స్‌డ్ ఎబిలిటీ’ అంటారు. స్టాఫ్ రూములో మాత్రం ‘ఏ బ్యాచ్’, ‘సీ బ్యాచ్’ అన్న మాటలే వినిపిస్తాయి.

ఈ తేడా ఎంత ఉంటుందో ఢిల్లీలో కొలిచారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఒకే గదిలో కూర్చున్న పిల్లల మధ్య ఐదారు తరగతుల తేడా ఉండటం. వాళ్ళు కొలిచింది లెక్కలు, హిందీ. ఇంగ్లీషులో, అందునా ఇంట్లో ఇంగ్లీషు వినబడని చోట, ఈ తేడా ఇంతకంటే తక్కువగా ఉంటుందని నమ్మడానికి నాకు కారణమేమీ కనబడదు.

ఇలాంటి గదికి ట్రైనింగుల్లో చెప్పే మందు గ్రూపు ప్రాజెక్టు. బాగా వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ కలిపి నలుగురైదుగురిని ఒక జట్టు చేయండి, ఒక పని ఇవ్వండి, వచ్చినవాళ్ళు రానివాళ్ళకు నేర్పుతారు అంటారు. వినడానికి బాగుంటుంది. దీని వెనక నూరేళ్ళ చరిత్ర కూడా ఉంది. అమెరికా విద్యావేత్త విలియం హెర్డ్ కిల్‌పాట్రిక్ ‘ప్రాజెక్టు పద్ధతి’ మీద వ్యాసం రాసింది 1918లో. ఆయన గురువు జాన్ డ్యూయీ చేస్తూ నేర్చుకోవడం గురించి అంతకు ముందు నుంచే చెబుతున్నాడు. పనినే చదువుకు ఇరుసు చేయాలన్న గాంధీ ఆలోచన 1937లో వార్ధా సమావేశంలో నయీ తాలీమ్‌గా బయటికొచ్చింది. ఇంగ్లీషు టీచర్ల చేతికి ప్రాజెక్టు విడిగా ఒక పద్ధతిగా అందింది మాత్రం 1986లో డయానా ఫ్రీడ్-బూత్ పుస్తకంతో.

మన దగ్గర ఇది పాఠ్యపుస్తకంలోకే ఎక్కింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన ఇంగ్లీషు వాచకాల్లో ప్రతి యూనిట్‌లోనూ ‘ప్రాజెక్ట్’ అన్న శీర్షిక కనిపిస్తుంది. నిరంతర సమగ్ర మూల్యాంకనం కింద ఫార్మేటివ్ పరీక్షల్లో దానికి మార్కులూ కేటాయించారు. 2014-15 నుంచి పదో తరగతిలో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 మార్కులు బడిలోనే వేసే ఇంటర్నల్స్‌కు. ఆ ఇరవైలో ప్రాజెక్టు పనికీ ఒక వాటా ఉంది. ఒక రాష్ట్రం మొత్తం గ్రూపు ప్రాజెక్టును పుస్తకంలోనూ మార్కుల్లోనూ పెట్టుకోవడం చిన్న విషయం కాదు. ఆ పుస్తకాల్లోని ప్రాజెక్టు ప్రశ్నలు చదివితే, చాలావాటిలో ఊళ్ళో మనుషుల దగ్గరికి వెళ్ళండి, అడగండి, రాయండి, క్లాసులో చెప్పండి అనే ఉంటుంది. వాటిని రాసినవాళ్ళకు విషయం తెలుసు.

క్లాసుకు వచ్చేసరికి మాత్రం ఆ ప్రాజెక్టు చార్టు పేపరయ్యింది. స్టేషనరీ షాపులో చార్టు కొనుక్కొస్తారు. బొమ్మలు కత్తిరించి అంటిస్తారు. చేతిరాత బాగున్న పిల్ల స్కెచ్ పెన్నుతో గైడులో ఉన్నది ఎక్కిస్తుంది, కింద నలుగురి పేర్లు. మార్కులు రిజిస్టర్లో పడతాయి. ఇంగ్లీషులో ఒక్క వాక్యం మాట్లాడకుండా ఇంగ్లీషు ప్రాజెక్టు పూర్తవుతుంది. ప్రైవేటు బడుల్లో ఇంటర్నల్స్ ఇరవైకి ఇరవై వేయడం మీద ఏళ్ళుగా ఉన్న ఫిర్యాదు తెలిసిందే. 2024 నవంబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పదో తరగతి ఇంటర్నల్స్‌ను ఎత్తేసి నూరు మార్కులకు పరీక్ష పెడతామని ఉత్తర్వు ఇచ్చింది. విద్యా సంవత్సరం మధ్యలో ఇదేమిటని గోల వస్తే మర్నాడే ఆ ఏడాదికి వాయిదా వేసింది. ఆ రెండు రోజుల గొడవంతా మార్కుల మీదే నడిచింది. ప్రాజెక్టుల వల్ల ఎవరికైనా ఇంగ్లీషు వస్తోందా అన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినబడలేదు.

టీచర్ల బద్ధకం వల్లే ఇలా జరిగిందని తేల్చేయడం సులువు, అన్యాయం కూడా. వాళ్ళకు అందిన సలహాలోనే ఒక లోపం ఉంది. కలిపి కూర్చోబెడితే మాట దానంతటదే అందరికీ అందుతుందన్న నమ్మకమే ఆ లోపం. ఈ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించిన ప్రయోగం ఒకటి మన దక్షిణాదిలోనే జరిగింది.

ఎన్.ఎస్. ప్రభు బ్రిటిష్ కౌన్సిల్ తరఫున మద్రాసులో పనిచేస్తూ 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు, కడలూరు ప్రాంతాల బడుల్లో నడిపిన ప్రయోగాన్ని ప్రపంచమంతా ‘బెంగళూరు ప్రాజెక్టు’ అంటుంది. వ్యాకరణం పాఠాలు పక్కన పెట్టి, రైల్వే టైంటేబుళ్ళు, పటాలు, చిన్న చిన్న లెక్కల చిక్కుముళ్ళు పిల్లల ముందు పెట్టి, వాటిని విప్పే క్రమంలో ఇంగ్లీషు పట్టుబడేలా చేయడం దాని పద్ధతి. 1987లో వచ్చిన ఆయన పుస్తకాన్ని ఈ రంగంలో ఇప్పటికీ చదువుతారు. పనుల ద్వారా భాష నేర్పే పద్ధతికి ఆద్యుల్లో ఒకడైన ఈ మనిషి గ్రూపు పనిని మాత్రం కావాలని దూరం పెట్టాడు. అందరిదీ అరకొర ఇంగ్లీషే అయినప్పుడు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటే ఆ అరకొర ఇంగ్లీషే గట్టిపడిపోతుందని ఆయన భయం. అందుకే మొదట టీచరు క్లాసు మొత్తంతో కలిసి ఒక పని చేయించేది. వచ్చినవాళ్ళు జవాబు చెబుతుంటే రానివాళ్ళు ఆ ఆలోచన నడిచే తీరు చూసేవాళ్ళు. తర్వాత అలాంటిదే ఇంకో పని ఎవరికి వాళ్ళు చేసుకునేవాళ్ళు. క్లాసులో కనీసం సగం మంది ఆ పనిలో సగమన్నా సరిగ్గా చేయగలిగితే పని బరువు సరిపోయినట్టు ఆయన లెక్క. తేడాలున్న గదికి ఇంత నిజాయితీ గల కొలమానం తర్వాత వచ్చిన గ్రూపు పని పుస్తకాల్లో నాకు అరుదుగానే కనబడింది.

ప్రభు భయానికి జవాబు బయటి దేశాల పరిశోధనలో దొరికింది. మైకేల్ లాంగ్, ప్యాట్రిషియా పోర్టర్ 1985లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూర్చి చూస్తే, నేర్చుకునేవాళ్ళు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు చేసే తప్పులు, భాష బాగా వచ్చినవాళ్ళతో మాట్లాడేటప్పటి కంటే ఎక్కువేమీ కావని తేలింది. మాట్లాడే అవకాశం మాత్రం బాగా పెరుగుతుంది. నలభై మంది గదిలో టీచరు ఒక్కొక్కరిని లేపి అడిగితే, పీరియడు మొత్తానికి ఒక్కొక్కరి వాటాకు ఒక నిమిషం కూడా రాదు. ఈ చిన్న లెక్క ముందు ప్రభు వాదన కొంత వెనక్కి తగ్గాలి. అయితే లాంగ్, పోర్టర్ చూసిన గదుల్లో నేర్చుకునేవాళ్ళకు ఒకరితో ఒకరికి ఇంగ్లీషు తప్ప వేరే ఉమ్మడి భాష చాలాచోట్ల లేదు. మనం ఊహించుకున్న ఎనిమిదో తరగతి గదిలో తెలుగు ఉంది, హిందీ ఉంది. అవసరం పడితే ఆ పిల్లలు ఇంగ్లీషు ఊసే లేకుండా ప్రాజెక్టు ముగించగలరు. ముగిస్తున్నారు కూడా.

నాకు ఈ మొత్తం పరిశోధనా సాహిత్యంలో అన్నిటికంటే పనికొచ్చేదిగా కనిపించేది జార్జ్ యూల్, డొరిస్ మెక్‌డొనాల్డ్ 1990లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగం. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళనీ అంతగా రానివాళ్ళనీ జతలు కట్టారు. ఇద్దరి చేతిలోనూ ఒక పటం. ఒకరు దారి చెప్పాలి, రెండోవారు విని గీయాలి. రెండు పటాల మధ్యా కావాలని కొన్ని తేడాలు పెట్టారు. బాగా వచ్చినవారు దారి చెప్పే పాత్రలో ఉన్న జతల్లో రెండోవారి మాటకు విలువే లేకుండా పోయింది. తేడా వచ్చిన చోట కూడా చెప్పేవారు తమ ధోరణిలో ముందుకు పోయారు. అంతగా రానివారు చెప్పే పాత్రలో, బాగా వచ్చినవారు వినే పాత్రలో ఉన్న జతల్లో మాత్రం అడగడం, ఆపడం, మళ్ళీ చెప్పించుకోవడం, ఇద్దరూ కలిసి తేల్చుకోవడం ఎక్కువగా జరిగాయి. మనుషులు అదే తరహా, పటమూ అదే. మారింది సమాచారం ఎవరి చేతిలో ఉందన్నదొక్కటే.

దీన్ని మన క్లాసుల్లో జరిగేదానితో పోల్చి చూడండి. మన దగ్గర టీమ్ లీడర్ అంటే బాగా చదివేవాడే. పుస్తకం వాడి చేతిలో, పెన్ను వాడి చేతిలో, చివరికి స్టేజి మీద చెప్పేదీ వాడే. మిగతా ముగ్గురూ చార్టు రెండు చివరలు పట్టుకుని నిలబడతారు. ఆ ముగ్గురికీ ఇంగ్లీషు రాకపోవడానికి ఇంతకంటే కట్టుదిట్టమైన ఏర్పాటు చేయాలన్నా కుదరదు.

లెవెల్ తేడా దానంతటదే అడ్డు కాదని చెప్పే పరిశోధనా ఉంది. మెల్‌బోర్న్‌లో నియోమి స్టార్చ్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, కలిసి రాసే జతల్ని దగ్గరగా గమనించి నాలుగు రకాల నడతలు గుర్తించింది. ఇద్దరూ సమానంగా కలిసి చేయడం, ఇద్దరూ ఎవరి పట్టు వాళ్ళు పట్టడం, ఒకరు పెత్తనం చేస్తే రెండోవారు ఊరుకోవడం, తెలిసినవారు తెలియనివారిని పక్కన కూర్చోబెట్టుకుని పనిలోకి లాగడం. మొదటి రకంలోనూ చివరి రకంలోనూ నేర్చుకున్నది నిలబడింది. యుకో వతనబే, మెరిల్ స్వెయిన్ 2007లో ఇంకో అడుగు ముందుకు వేసి, జతలో ఇద్దరి భాషాస్థాయి తేడా కంటే వాళ్ళు కలిసి పనిచేసే తీరే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుందని చూపారు. స్టార్చ్ చెప్పిన మూడో రకమే మన చార్టు ప్రాజెక్టు.

ఊరుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది భాషకు సంబంధించింది కాదు. సామాజిక మనస్తత్వవేత్త బిబ్ లటానే, ఆయన సహచరులు 1979లో మనుషుల్ని ఒంటరిగానూ గుంపుగానూ గట్టిగా అరవమనీ చప్పట్లు కొట్టమనీ చెప్పి కొలిచారు. గుంపులో ఒక్కొక్కరి చప్పుడు తగ్గింది. ఎవరు ఎంత చేశారో కనబడనప్పుడు మనిషి సహజంగానే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. విద్యా పరిశోధకుడు రాబర్ట్ స్లేవిన్ దశాబ్దాల పాటు చెప్పింది ఈ సమస్యకు విరుగుడే. గ్రూపుకు ఒక ఉమ్మడి లక్ష్యం ఉండాలి, కానీ గ్రూపు గెలుపు ప్రతి ఒక్కరూ విడివిడిగా ఏం నేర్చుకున్నారన్న దాని మీద ఆధారపడాలి. రెంటిలో ఏది లేకపోయినా కలిసి నేర్చుకోవడం పేరుకే. ఒక్క చార్టుకు నలుగురికీ ఒకే మార్కు వేసే మన రిజిస్టరులో ఉమ్మడి లక్ష్యం ఉంది. రెండోది లేదు.

ఇక ఎవరి మాటకు విలువ ఇస్తారన్న ప్రశ్న. స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ కోహెన్ జీవితమంతా దీని మీదే పనిచేసింది. 1986లో మొదట వచ్చిన ఆమె గ్రూపు పని పుస్తకం సారం ఏమిటంటే, పిల్లలు గ్రూపులోకి వచ్చేటప్పుడు బయటి ప్రపంచంలోని హెచ్చుతగ్గుల్ని వెంట తెచ్చుకుంటారు. బాగా చదివేవాడని పేరున్న పిల్లవాడు తప్పు చెప్పినా మిగతావాళ్ళు ఒప్పుకుంటారు. పేరు లేని పిల్ల సరైనది చెప్పినా వినిపించుకోరు. మన దగ్గర ఈ హెచ్చుతగ్గుల జాబితాలో మార్కులతో పాటు కులం ఉంది, ఆడా మగా ఉంది, ప్రైవేటు బడి నుంచి వచ్చాడా లేదా అన్నది ఉంది, ఇంట్లో ఏ భాష అన్నదీ ఉంది. కోహెన్ దీనికి చూపిన ఉపాయం, ఒక్కరికే అన్నీ రాలేనంత రకరకాల నైపుణ్యాలు కావలసిన పని ఇవ్వడం, తక్కువ చూపుకు గురయ్యే పిల్ల చేసిన మంచి పనిని టీచరు అందరి ముందూ, కచ్చితంగా, కారణం చెప్పి గుర్తించడం. ఉత్తుత్తి మెచ్చుకోలు పనిచేయదని కూడా ఆమె హెచ్చరించింది. మన బడుల్లో ‘వెరీ గుడ్, చప్పట్లు కొట్టండి’ అన్న రివాజు చూస్తే ఈ హెచ్చరిక మనకోసమే అనిపిస్తుంది.

ఇక్కడి వీధుల్లోంచే ఒక పని తీసుకుందాం. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగింది. ఆ రోడ్డు పక్కన దుకాణం ఉన్నవాళ్ళు, బడికి దాటేవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు అందరి దగ్గరా దాని గురించి ఒక కథ ఉంది. ఎనిమిదో తరగతికి ఇంతకంటే మంచి ప్రాజెక్టు వస్తువు ఎక్కడ దొరుకుతుంది? నలుగురి జట్టు. టైర్ల పంక్చరు షాపులో హిందీ మాట్లాడే మనిషిని బిహార్ పిల్లవాడు కలుస్తాడు. టిఫిన్ బండి అమ్మను నల్గొండ పిల్లవాడు కలుస్తాడు. ఉర్దూ వచ్చిన అమ్మాయి ఆటో డ్రైవరును. ఇంగ్లీషు బాగా వచ్చిన అమ్మాయి మాత్రం ఎవర్నీ కలవదు. ముగ్గురు తెచ్చింది అడిగి రాసుకోవడమే ఆమె పని. ఆమెకు కావలసిందంతా మిగతా ముగ్గురి నోట్లో ఉంది. వాళ్ళు చెప్పేది ముక్కలు ముక్కలుగా వచ్చినా ఆమె ఆగాలి, అడగాలి, మళ్ళీ చెప్పించుకోవాలి. యూల్, మెక్‌డొనాల్డ్ ప్రయోగంలో పటం చేసిన పనే ఇక్కడ పంక్చరు షాపు చేస్తుంది. చివర్లో క్లాసుకు చెప్పేది లీడర్ కాదు. చీటీ తీస్తే ఎవరి పేరొస్తే వాళ్ళు. ఈ ఒక్క చీటీ వల్ల ముందు రోజు సాయంత్రం నలుగురూ నలుగురికీ నేర్పుకోవాల్సి వస్తుంది. స్లేవిన్ చెప్పిన రెండో షరతు పైసా ఖర్చు లేకుండా నెరవేరుతుంది.

రైలు ఇష్టమైతే 2025 జనవరిలో మొదలైన చర్లపల్లి టెర్మినల్ ఉంది. మూడు భాషల్లో అనౌన్స్‌మెంట్లు, బోర్డు మీద టైంటేబుల్. ప్రభు తన క్లాసులో రైల్వే టైంటేబుల్‌ను కాగితం మీద పెట్టాడు, ఇక్కడి పిల్లలకు స్టేషనే ఉంది.

ఈ పనిలో తెలుగు, హిందీ వాడుతున్నారే అని ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ప్రైవేటు బడుల్లో తెలుగు మాట్లాడితే శిక్షలు వేసే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. 2016 నుంచి ఢిల్లీ, హైదరాబాద్, పట్నాల్లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నాయకత్వంలో నడిచిన మల్టీలీలా పరిశోధన ప్రాథమిక తరగతి గదుల్లోకి వెళ్ళి చూస్తే, పేరుకు ఇంగ్లీషు మీడియం అయిన చోట కూడా భాషలు కలగలిసే వినబడ్డాయి. నాచారానికి కూతవేటు దూరంలో, ఉస్మానియా ఆవరణలో ఉన్న ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) కథ కూడా ఈ చర్చకు దూరం కాదు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై దేశమంతటా ఇంగ్లీషు టీచర్లను తయారుచేసిన ఆ సంస్థలోంచే, పిల్లల ఇంటి భాషల్ని ఇంగ్లీషు నేర్పడానికి పెట్టుబడిగా వాడుకోవచ్చన్న ఆలోచన మీద ఇప్పుడు రాతలు వస్తున్నాయి. 2022-23లో తెలంగాణ ఇచ్చిన ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. పుస్తకమే రెండు భాషల్లో ఉన్నప్పుడు జట్టులో మాట రెండు భాషల్లో ఉంటే తప్పేముంది? నా అభిప్రాయంలో గీత గీయాల్సిన చోటు వేరే. సమాచారం ఏ భాషలోనైనా సేకరించనివ్వాలి, ఏం చేద్దామన్న చర్చ ఏ భాషలోనైనా నడవనివ్వాలి. ఒకరి సమాచారం ఇంకొకరికి చేరే ఆ ఒక్క ఘట్టం మాత్రం ఇంగ్లీషులోనే జరగాలి, టీచరు ఆ పావుగంట అక్కడ నిలబడి వినాలి. పీరియడంతా ఇంగ్లీషే అని పట్టుబడితే వచ్చేది మౌనమే. ఏదీ పట్టించుకోకపోతే వచ్చేది చార్టు.

ఈ పద్ధతి మీద అతి ఆశ పెట్టుకునేవాళ్ళకు ఒక చేదు వార్త కూడా చెప్పాలి. ఇంగ్లండ్‌లోని ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ అధ్యయనాలన్నిటినీ కూర్చి, కలిసి నేర్చుకునే పద్ధతుల వల్ల సగటున ఐదు నెలల చదువుకు సమానమైన లాభం ఉందంటుంది. అదే సంస్థ ప్రాజెక్టుల ద్వారా బోధించే ఒక కార్యక్రమాన్ని మాధ్యమిక బడుల్లో పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించింది. అక్షరాస్యతలో స్పష్టమైన లాభం కనబడలేదు. పేద కుటుంబాల పిల్లల విషయంలో నష్టం జరిగిన ఛాయలే కనబడ్డాయి. మధ్యలో బడులు తప్పుకోవడం వల్ల ఆ ఫలితం మీద పూర్తి భరోసా పెట్టలేం. అయినా ఆ దిశ గమనించదగ్గది. పునాది లేని పిల్లవాడికి వారాల తరబడి ప్రాజెక్టు ఇస్తే ఆ వారాలు చదవడం నేర్పని వారాలుగా పోతాయి.

అందుకే లెవెల్ వారీగా కూర్చోబెట్టి నేర్పే పద్ధతినీ, కలిపి కూర్చోబెట్టే ప్రాజెక్టునూ పోటీకి పెట్టడం నాకు అర్థం కాదు. ప్రథమ్ సంస్థ, ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం వడోదరా, ముంబైల్లో బాలసఖి కార్యక్రమంతో మొదలుపెట్టి పదేళ్ళకు పైగా చేసిన ప్రయోగాల సారం, పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని కాక ఏం చదవగలడో చూసి అక్కణ్ణుంచి నేర్పితే లాభం ఉందని. తెలంగాణలో 2022లో ఒకటి నుంచి ఐదు తరగతులకు వచ్చిన ‘తొలిమెట్టు’, మరుసటి ఏడాది పై తరగతులకు వచ్చిన ‘ఉన్నతి’ ఈ దారిలోవే. అక్షరాలు కూడబలుక్కోవడం లెవెల్ వారీ గంటలో నేర్పాలి. నలుగురిలో నోరు విప్పడం ఆ గంటలో రాదు. సీ బ్యాచ్ పిల్లల్ని రోజంతా సీ బ్యాచ్‌లోనే ఉంచితే వాళ్ళ చెవిన పడే ఇంగ్లీషు కూడా సీ బ్యాచ్ ఇంగ్లీషే. ప్రాజెక్టు చోటు అక్కడ, వారానికి ఒకటి రెండు పీరియడ్లు, రెండు వారాల్లో ముగిసేది. చదువు చెప్పే బాధ్యతంతా దాని మీద మోపితే కూలిపోతుంది.

ఇదే గది ఐదేళ్ళకు ఇంజనీరింగ్ కాలేజీలో మళ్ళీ కనబడుతుంది. ఘట్‌కేసర్ వైపు కాలేజీల్లో మొదటి ఏడాది ఇంగ్లీషు ల్యాబులో కార్పొరేట్ కాలేజీ నుంచి వచ్చిన పిల్లలు, సంక్షేమ గురుకులాల పిల్లలు, తెలుగు మీడియంలో పది దాకా చదివిన పిల్లలు రోల్ నంబర్ల వారీగా ఒకే బ్యాచ్‌లో పడతారు. రోల్ నంబరు బ్యాచ్‌కు ఒక మంచి గుణం ఉంది. స్నేహితులు ఒకే చోట కూడరు. కానీ గ్రూప్ డిస్కషన్ (జీడీ) మొదలవగానే ఇద్దరు మాట్లాడతారు, ఎనిమిది మంది తలలూపుతారు. జీడీలో మాట లాక్కోవాలి, ఎవరూ ఇవ్వరు. ఇంటర్వ్యూకు అది సాధన కావచ్చు, నేర్పే పద్ధతి మాత్రం కాదు. లెక్చరర్ ఒక్కొక్కరి చేతిలో వేరే వేరే కాగితం పెట్టి, నలుగురి కాగితాలూ కలిపితే తప్ప తీరని చిక్కు ఇస్తే ఆ ఎనిమిది మందికీ మాట్లాడక తప్పదు. మనస్తత్వవేత్త ఎలియట్ అరన్సన్ 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్ బడుల్లో జాతుల మధ్య కొట్లాటలు ఆపడానికి కనిపెట్టిన ఉపాయం సరిగ్గా ఇదే. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కో పిల్లకు ఒక్కో ముక్క ఇచ్చాడు. ఎవరినైనా పక్కన పెడితే ఆ ముక్క తమకే దొరకదు.

ఫైనలియర్ ప్రాజెక్టుల సంగతి వేరే చెప్పాలా? అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ ప్రాజెక్టు సెంటర్లలో డబ్బు కడితే కోడుతో పాటు రిపోర్టూ ఇస్తారన్నది నగరంలో అందరికీ తెలిసిన రహస్యం. ఇప్పుడు ఆ ఖర్చూ తగ్గింది. ఫోన్లో చాట్‌బాట్‌ను అడిగితే తప్పుల్లేని ఇంగ్లీషు రిపోర్టు నిమిషంలో వస్తుంది. ఎనిమిదో తరగతి చార్టు మీది వ్యాసం కూడా వస్తుంది. రాసి తెచ్చిన కాగితానికి మార్కులు వేసే పద్ధతికి ఇక అర్థం లేదు. బెంచీల మధ్య నిలబడి, ఈ ముక్క నీకు ఎవరు చెప్పారు, నువ్వేం అడిగావు, వాళ్ళు ఇంకోలా చెప్పి ఉంటే నువ్వేం రాసేవాడివి అని ఒక్కొక్కరిని రెండు నిమిషాలు అడిగి మార్కు వేయాలి. నలభై మందికి రెండు నిమిషాల చొప్పున ఎనభై నిమిషాలు, అంటే దాదాపు రెండు పీరియడ్లు. ఫార్మేటివ్ పరీక్షల షెడ్యూలులో ఈ రెండు పీరియడ్లకు చోటు చూపించకుండా ఇంటర్నల్స్ ఉంచాలా తీసేయాలా అని వాదించుకోవడం వల్ల ఏ పిల్లకూ ఒరిగేది లేదు.